మే నెలలో నిటినాల్ తీగ: ఒక ఇంజినీరింగ్ టీచర్ అనుభవం

విజయవాడకీ గుంటూరుకీ మధ్య పొద్దున్నే కాలేజీ బస్సులు కనపడని రోడ్డు లేదు. కానూరులో సిద్ధార్థ కాలేజీ 1977లో మొదలైంది. 1980లో కె.ఎల్., 1985లో గుంటూరు పక్కన చౌడవరంలో ఆర్.వి.ఆర్. అండ్ జె.సి. వచ్చాయి. ఆ తర్వాత ఊరూరా వెలిసినవాటిలో ఒకదాంట్లో నేను 2003లో మెకానికల్ లెక్చరర్‌గా చేరాను. ఇప్పుడు అదే డిపార్ట్‌మెంట్‌లో ప్రొఫెసర్‌ని. వేడికో కరెంటుకో ఆకారం మార్చుకునే స్మార్ట్ మెటీరియల్స్, రోబోటిక్స్ నా పని. కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, "మన లాంటి కాలేజీలో ఉండి రీసెర్చ్ ఎలా చేశారు మేడమ్?" అని. కారిడార్‌లో నిలబడి చెప్పేస్తే తెమిలే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

మాది తెనాలి. ఎం.టెక్ మెషిన్ డిజైన్ అయ్యాక, ఇంటి నుంచి వెళ్లిరాగల ఉద్యోగం అని ఇందులో చేరాను. డిపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్లు నేను కాక ఇంకెవరూ లేరు. మొదటి టైమ్‌టేబుల్ వేసేటప్పుడే అప్పటి హెచ్ఓడీ గారు "వర్క్‌షాపు నీకెందుకమ్మా, ఆ మసిలో? డ్రాయింగ్ తీసుకో హాయిగా" అన్నారు. ఆయన మంచికే అన్నారు. కానీ ఇంజినీరింగ్ డ్రాయింగ్ చెప్పినవాళ్లకు తెలుసు, అందులో హాయి ఎంతుంటుందో. అరవై మంది షీట్లు దిద్దేసరికి రాత్రి పది దాటేది. డ్రాయింగ్‌తో పాటు కైనమాటిక్స్ (యంత్రాల కదలికల లెక్క), స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ కూడా చెప్పాను. నాలుగేళ్లు ఇదే. నేర్చుకున్నది చాలా ఉంది, కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు.

పీహెచ్‌డీ లేకపోతే ముందుకు కదలడం కష్టమని అందరికీ అర్థమవుతున్న రోజులవి. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ వాళ్ల క్యూఐపీ పథకంలో సెలవు పెట్టి ఏ ఐఐటీలోనో చదువుకోవచ్చు. అయితే దానికి మేనేజ్‌మెంట్ మనల్ని మూడేళ్లు వదలాలి, ఇంట్లోనూ వదలాలి. నాకు రెండూ కుదరలేదు. పార్ట్‌టైమ్‌లో జేఎన్‌టీయూలో రిజిస్టర్ అయ్యాను. 2008లో జేఎన్‌టీయూ విడిపోయి కాకినాడ వేరే యూనివర్సిటీ కావడంతో నా ఫైలూ అటు కదిలింది. హైదరాబాద్ వెళ్లాల్సింది శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాకినాడ వెళ్లాను, అంతే తేడా.

టాపిక్ కోసం గైడ్ గారిని కలిసినప్పుడు నా దగ్గర పెద్ద జాబితానే ఉంది. ఆకారం మార్చుకునే విమానం రెక్కలు, భూకంపాన్ని తట్టుకునే స్తంభాలు, అన్నీ రాసుకెళ్లాను. సార్ ఆ కాగితం చూడనే లేదు. "అవన్నీ తర్వాత చూద్దాం గానీ, నీ గదిలో నువ్వు ఏం కొలవగలవమ్మా?" అన్నారు. ఒక డీసీ పవర్ సప్లయ్, చిన్న కదలికలు కొలిచే డయల్ గేజ్, సాగుడు కొలిచే స్ట్రెయిన్ గేజ్ కిట్, వేడి కొలిచే రెండు థర్మోకపుల్స్ ఉన్నాయన్నాను. "మరైతే వాటితో తేలే సమస్య తెచ్చుకో. మిగతావాళ్ల పరికరాల మీద ఆధారపడ్డ థీసిస్ వాళ్ల ఖాళీ సమయం మీద నడుస్తుంది" అన్నారు. అప్పుడు చిన్నబుచ్చుకున్నాను. ఆ తర్వాత నేను చేసిన ప్రతి పనీ ఆ ప్రశ్న దగ్గరే మొదలైంది.

అప్పట్లో మన దేశంలో స్మార్ట్ మెటీరియల్స్ అంటే ఎక్కువమంది పట్టుకున్నది పీజోఎలక్ట్రిక్ పట్టీలు. కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటి మీద విద్యుదావేశం పుడుతుందని క్యూరీ అన్నదమ్ములు 1880లో చూపించారు. దాన్నే తిప్పి వాడితే, కరెంటు ఇచ్చినప్పుడు పట్టీ సాగుతుంది, కుంచించుకుపోతుంది. ఒక సన్నటి అల్యూమినియం పట్టీని ఒక చివర బిగించి, రెండో చివర ఊగుతుంటే, దాని మొదట్లో అతికించిన పీజో పట్టీతో ఆ ఊగుడు ఆపడం. దీని మీద మన దేశంలో ఎన్ని థీసిస్‌లు వచ్చాయో చెప్పలేం. చూడటానికి బాగుంటుంది. కానీ పీజో కదలిక పొడవులో వెయ్యో వంతు ఉంటే గొప్ప. పైగా దానికి వంద, రెండు వందల వోల్టులు ఇచ్చే ఆంప్లిఫయర్ కావాలి. దాని కొటేషన్ తెప్పించి చూసి, మడిచి బీరువాలో పెట్టాను.

మిగిలింది షేప్ మెమరీ తీగ. నికెల్, టైటానియం దాదాపు సగం సగం కలిసిన లోహం, పేరు నిటినాల్. చల్లగా ఉన్నప్పుడు మెత్తగా వంగుతుంది, సాగదీస్తే సాగుతుంది. వేడి చేస్తే ముందున్న ఆకారానికి వచ్చేస్తుంది. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ దీని మీద పనిచేస్తున్న రోజుల్లో, 1960ల మొదట్లో, ఒక సమావేశంలో మడతలు పెట్టిన పట్టీని చేతులు మార్చుకుంటూ వంచి చూస్తున్నారట. ఎవరో పైపు వెలిగించుకునే లైటర్ దానికింద పెట్టారు. మడతలన్నీ విప్పుకుని పట్టీ సాపుగా అయింది. ఇందులో మాయ ఏమీ లేదు. చల్లని స్థితిలో పరమాణువుల అమరిక ఒకటి, దాని పేరు మార్టెన్‌సైట్. వేడి స్థితిలో ఇంకోటి, అది ఆస్టెనైట్. వేడెక్కినప్పుడు పరమాణువులు కరిగి కలిసిపోకుండా, వరస తప్పకుండా జరిగి మళ్లీ పాత చోటికి వస్తాయి.

నాకు నచ్చింది ఈ కథ కాదు, ఖర్చు. 0.15 మిల్లీమీటర్ల తీగ పాతిక సెంటీమీటర్లు తీసుకుంటే, సుమారు 400 మిల్లీఆంపియర్ల కరెంటు చాలు. మా ల్యాబ్‌లో పడి ఉన్న పవర్ సప్లయ్ మీద ఆరు వోల్టులు తిప్పితే పని జరిగిపోతుంది. వెంట్రుక కంటే కాస్త లావుండే ఆ తీగ 300 గ్రాముల బరువును ఒక సెంటీమీటరు పైకి లాగుతుంది. ఆ సెంటీమీటరును డయల్ గేజ్‌తో కొలవచ్చు. సార్ అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది.

తీగ వచ్చాక మొదటి చిక్కు దాన్ని పట్టుకోవడం. నిటినాల్ మీద ఎప్పుడూ ఆక్సైడ్ పొర ఉంటుంది, మామూలు సోల్డర్ దానికి అంటదు. ముడి వేస్తే వేడెక్కినప్పుడు జారిపోతుంది. స్క్రూ కింద గట్టిగా బిగిస్తే అక్కడే తెగుతుంది. ఇత్తడి గొట్టంలో దూర్చి నొక్కడం ఒక్కటే దారి, కానీ ఆ గొట్టం బెజ్జం తీగకు సరిపోవాలి. అంత చిన్నవి ఎక్కడ దొరుకుతాయి?

ఆటోనగర్‌లో ఒక లేత్ మేస్త్రి ఉండేవాడు. లారీల కింగ్‌పిన్నులు, బుష్‌లు తిప్పే షెడ్డు అది. నేను గీసుకెళ్లిన డ్రాయింగ్‌ను అటూ ఇటూ తిప్పి "ఇదేంటి మేడమ్ గారూ, చెవిపోగుకా?" అన్నాడు. తీగ చూపించి, బ్యాటరీ తగిలించి, అక్కడే ఒక నట్టు వేలాడదీసి లాగించాను. పక్క లేత్‌ల వాళ్లూ మిషన్లు ఆపి వచ్చారు. నట్టు టక్కున పైకి లేచింది. కరెంటు తీశాక మెల్లగా, మెల్లగా దిగింది. మేస్త్రి కాసేపు చూసి "పిలిస్తే పరిగెత్తుకొచ్చి, పొమ్మంటే కదలని చుట్టంలా ఉందే ఇది" అన్నాడు. షేప్ మెమరీ తీగలతో పనిచేసేవాళ్లందరి కష్టం ఆ మాటలో ఉంది. వేడి చేయడం మన చేతిలో పని, చల్లార్చడం గాలి చేతిలో పని.

మేస్త్రి ఇత్తడి కడ్డీలోంచి అరంగుళం గొట్టాలు తీసి, సన్నటి డ్రిల్లు చేత్తో పట్టుకుని, నూనె చుక్క చుక్క వేస్తూ బెజ్జాలు పెట్టాడు. మిషన్ స్పీడు మీద పెడితే డ్రిల్లు విరుగుతుందని ఆయనే చెప్పాడు. డబ్బులు అడిగితే "మీ దగ్గర ఏం తీసుకుంటాం, మా వాడికి సీటు వస్తే చూడండి" అని నవ్వాడు. బలవంతం మీద తీసుకున్నాడు. నా థీసిస్ కృతజ్ఞతల పేజీలో ప్రిన్సిపాల్ పేరు తర్వాత ఆయన పేరే ఉంది.

తర్వాతి చిక్కే థీసిస్ అయింది. డిసెంబరులో తీసిన రీడింగులకూ ఏప్రిల్‌లో తీసిన రీడింగులకూ పొంతన కుదరలేదు. అదే తీగ, అదే బరువు, అదే కరెంటు. చలికాలంలో చక్కగా పని చేసిన తీగ ఎండాకాలంలో బద్ధకంగా తయారైంది. మే నెలలో అయితే సగం దిగి ఆగిపోయేది. తీగ పాడైపోయిందనుకుని కొత్తది వేస్తే అదీ అంతే. ఇంటికొచ్చి తయారీదారుల షీటు ముందేసుకుని కూర్చుంటే సంగతి తెలిసింది. నేను కొన్న రకం తీగ 70 డిగ్రీల దగ్గర ముడుచుకోవడం మొదలుపెడుతుంది. తిరిగి పూర్తిగా సాగడం సుమారు 40 డిగ్రీలకు గానీ ముగియదు. ఇరవై డిగ్రీల ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్లకు ఆ 40 అనే అంకె కంటికి ఆనదు. మా ల్యాబ్ పైకప్పు రేకులది. రెంటచింతల దాకా వెళ్లక్కర్లేదు, విజయవాడలోనే మే నెల మధ్యాహ్నం ఆ గదిలో థర్మామీటరు 42 చూపించేది. తీగ చల్లారడానికి చోటే లేదు.

నేను చదివిన పేపర్లన్నిటిలో గది ఉష్ణోగ్రత ఒక స్థిరాంకం. టనాకా 1986లో రాసిన మోడల్‌లో, లియాంగ్, రోజర్స్ 1990లో రాసినదాంట్లో, బ్రిన్సన్ 1993లో ఇచ్చినదాంట్లో కూడా తీగలో ఎంత భాగం ఏ స్థితిలో ఉందో ఉష్ణోగ్రత, ఒత్తిడిని బట్టి లెక్కకట్టొచ్చు. ఆ లెక్కలు సరైనవే. కానీ వేడి వాతావరణంలో బరువు తక్కువైతే ఏమవుతుంది, బరువు పెంచితే ఎంత తేరుకుంటుంది అన్నది కూర్చుని కొలిచినవాళ్లు తక్కువ. ఒత్తిడి పెరిగితే ఈ మార్పులు జరిగే ఉష్ణోగ్రతలు కూడా పైకి జరుగుతాయి. అంటే మే నెలలో తీగకు ఇంకాస్త బరువు వేలాడదీస్తే అది కాస్త వేడిలోనే వెనక్కి సాగుతుంది. మాకు ఏసీ లేకపోవడం ఒక ప్రయోగ సదుపాయం అయిందని అప్పుడే అర్థమైంది. పొద్దున ఆరింటికి ఒక సెట్, మధ్యాహ్నం రెండింటికి ఒక సెట్ రీడింగులు తీసేదాన్ని. 2012లో కరెంటు కోతలు వచ్చి మధ్యాహ్నం సెట్లు చాలా పోయాయి. స్కూటర్ బ్యాటరీ పెట్టి కొన్ని తీశాను.

తీగ మారే ఉష్ణోగ్రతలు షీటులో చూసి నమ్మడం కుదరదు. నికెల్ పాళ్లు పదోవంతు శాతం అటూ ఇటూ అయితే చాలు, ఆ ఉష్ణోగ్రతలు పది డిగ్రీలు జరిగిపోతాయి. అందుకని ప్రతి చుట్ట నుంచి ముక్క కత్తిరించి డీఎస్‌సీ టెస్టు చేయాలి, అంటే మెల్లగా వేడి చేస్తూ అది ఏ ఉష్ణోగ్రత దగ్గర మారుతోందో చూడాలి. ఆ మిషన్ మెకానికల్ డిపార్ట్‌మెంట్లలో ఉండదు. నా అదృష్టం కొద్దీ గుంటూరు చుట్టూ ఫార్మసీ కాలేజీలకు కొదవ లేదు. మందు పొడి, దానిలో కలిపే పదార్థాలు ఒకదానికొకటి పడతాయో లేదో చూడటానికి వాళ్లు డీఎస్‌సీ వాడతారు. తెలిసిన మేడమ్ ఒకరు శనివారం సాయంత్రాలు మిషన్ ఇచ్చేవారు. మాత్రల పొడి పెట్టే చిన్న అల్యూమినియం మూకుడులో నేను తీగ ముక్కలు పెడుతుంటే, అక్కడి ల్యాబ్ అటెండర్ "ఏ జబ్బుకు మేడమ్ ఇది?" అని సీరియస్‌గానే అడిగాడు.

పీహెచ్‌డీ మిగతా తతంగం అందరికీ తెలిసిందే. ప్రీ పీహెచ్‌డీ పరీక్షలు, ఏటా రీసెర్చ్ రివ్యూ మీటింగ్, అందులో "మీ నావెల్టీ (కొత్తదనం) ఏమిటి" అనే ప్రశ్న, సినాప్సిస్, బయటి ఎగ్జామినర్ల రిపోర్టుల కోసం ఎదురుచూపు, వైవా. అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ ఆ రిపోర్టులదే. థీసిస్ పంపాక నెలల తరబడి ఏ కబురూ ఉండదు, యూనివర్సిటీకి ఫోన్ చేస్తే "రాలేదమ్మా ఇంకా" అంటారు. వైవాలో ఎగ్జామినర్ గారు మే నెల గ్రాఫు దగ్గర ఆగి, ల్యాబ్‌లో ఏసీ లేదని తెలుసుకుని, "ఎప్పటికీ పెట్టించకండి" అన్నారు. గది నవ్వింది.

డాక్టరేట్ వస్తే జీతం పెరుగుతుంది అనుకుంటాం. నాకు ముందు పెరిగింది కమిటీల సంఖ్య. కాలేజీలకూ కోర్సులకూ గుర్తింపు ఇచ్చే నాక్, ఎన్‌బీఏ ఫైళ్లన్నీ డాక్టరేట్ ఉన్నవాళ్లవే. 2014లో భారత్ వాషింగ్టన్ అకార్డులో (ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే ఒప్పందం) పూర్తి సభ్యత్వం తీసుకున్నాక ప్రతి సబ్జెక్టుకు కోర్స్ అవుట్‌కమ్స్ (అందులో ఏం నేర్చుకోవాలో రాసిన జాబితా), వాటికి ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్‌తో మ్యాపింగ్, ప్రతి పరీక్ష పేపరుకు ఎంత సాధించారో చూపే అటెయిన్‌మెంట్ లెక్కలు వచ్చాయి. ఉద్దేశం మంచిదే. కానీ మా దగ్గర అది విద్యార్థి ఏం నేర్చుకున్నాడో చూసే సాధనంగా కాక, ఎక్సెల్‌లో 2.1ని 2.4 చేసే విద్యగా మారింది. ఈ మాట బయటికి అనేవాళ్లు తక్కువ.

అప్పట్లో పరిశోధనలకు డబ్బిచ్చే కేంద్ర సంస్థ సెర్బ్ వాళ్ల యువ శాస్త్రవేత్తల పథకానికి ప్రపోజల్ పెట్టాను. మొదటిసారి రాలేదు. రెండోసారి ప్రెజెంటేషన్‌కు పిలిచారు. కమిటీలో ఒక పెద్దాయన సూటిగానే అడిగారు: "ఈ పని ఏ ఐఐటీలోనైనా ఇంతకంటే బాగా చేస్తారు కదా, మీకెందుకివ్వాలి?" నేను తీగల రీడింగులు చూపించి, "వాళ్లు వేడి పుట్టించే ఛాంబర్ కొనాలి సార్, మాకు మే నెల వస్తుంది" అన్నాను. డబ్బు ఇచ్చారు, అడిగినంత కాదు. టెంపరేచర్ ఛాంబర్‌ను మాత్రం నా మాటతోనే కొట్టేశారు. లేజర్ సెన్సర్, డేటా కార్డు, ఒక జేఆర్ఎఫ్ (ప్రాజెక్టులో పనిచేసే జూనియర్ రీసెర్చ్ ఫెలో) జీతం మిగిలాయి.

ప్రాజెక్టు వచ్చాక తెలిసేది ఇంకో విద్య. డబ్బు కాలేజీ ఖాతాలో పడుతుంది, మన ఖాతాలో కాదు. మూడు కొటేషన్లు, పర్చేజ్ కమిటీ, కంపారిటివ్ స్టేట్‌మెంట్, అన్నిటిమీదా సంతకాలు. మార్చి 31 దాటగానే ఖర్చు లెక్క చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ), దానికి ఆడిటర్ సీలు. బ్యాంకులో పడిన వడ్డీ కూడా చూపించాలి. యూసీ వెళ్లకపోతే రెండో విడత రాదు, రెండో విడత రాకపోతే జేఆర్ఎఫ్ కుర్రాడికి జీతం ఉండదు. మా కుర్రాడికి ఆ గ్యాప్‌లో నెలల తరబడి రాలేదు. వాళ్ల నాన్న పొలం అమ్మకానికి పెట్టినట్టు తర్వాత తెలిసింది. దేశంలో ప్రాజెక్టులు చేసే ఎవర్నడిగినా ఇలాంటిది ఒకటి చెబుతారు. కాబట్టి ప్రపోజల్ రాసే రోజే అకౌంటెంట్‌తో స్నేహం చేయమని అందరికీ చెబుతాను, వెటకారానికి కాదు.

రోబోటిక్స్‌లోకి నేను వెళ్లలేదు, పిల్లలు లాక్కెళ్లారు. ఆసియా పసిఫిక్ దేశాల కాలేజీ పిల్లల రోబో పోటీ ఏబీయూ రోబోకాన్ 2002 నుంచి ఉంది. మన దేశపు పోటీ పూణెలో జరిగేది. ఒక ఏడాది మా వాళ్లు వెళ్తామన్నారు. సిలబస్‌లో నేను చెప్పేది 1955 నాటి డెనావిట్–హార్టెన్‌బర్గ్ పద్ధతి. కీళ్లకు అక్షాలు గీసి, మాట్రిక్సులు గుణించి, చెయ్యి చివర ఎక్కడుందో తేల్చడం. పరీక్షలో అదే పదహారు మార్కులు. పిల్లలకు కావాల్సింది మోటారు డ్రైవర్ ఎందుకు కాలిపోతోందో, చక్రం ఎందుకు జారుతోందో. నాకూ అప్పటికి తెలియదు. వాళ్లతో పాటు మోటార్లు నడిపే చిన్న కంప్యూటర్ లాంటి ఆర్డినో బోర్డు పట్టుకుని కూర్చున్నాను. పూణెలో మొదటి రౌండులోనే బయటికొచ్చారు. తిరుగు రైల్లో తర్వాతి ఏడాది రోబోకు డిజైన్ వేసేశారు.

మా కాలేజీలో ఆ తర్వాత ఒక ఆరు కీళ్ల రోబో చెయ్యి కొన్నారు. అద్దాల గదిలో ఉంటుంది. తనిఖీ బృందాలు వచ్చినప్పుడు గది తెరుస్తారు, అది ఒక పెట్టె తీసి ఇంకోచోట పెడుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. పిల్లలు ముట్టుకుంటే పాడవుతుందని భయం. దాని తాళం కోసం నేను రాసిన లెటర్లు ఒక ఫైలు అయ్యాయి. చివరికి పిల్లలు ప్లైవుడ్, సర్వో మోటార్లతో సొంతంగా ఒక చెయ్యి చేసుకున్నారు. విరిగితే ఫెవికాల్ పెట్టారు. కైనమాటిక్స్ వాళ్లకు దాని మీదే వచ్చింది.

సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన బ్యాచ్ ఒకటి మిరపకాయలకు తొడిమలు తీసే రోబో చేస్తామంది. గుంటూరు వాళ్లం, ఆ ఆలోచన రావడం సహజం. మీ స్మార్ట్ తీగతో వేళ్లు చేద్దాం మేడమ్ అన్నారు. నాకు ముందే అనుమానం ఉన్నా, వద్దని చెప్పలేదు, లెక్క వేయించాను. తీగ ముడుచుకోవడానికి ఒక సెకను, చల్లారడానికి రెండు సెకన్లు. అంటే నిమిషానికి ఇరవై కాయలు. మిర్చి యార్డు దగ్గర ఒక గోదాములో తొడిమలు తీస్తున్న ఆడవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. మా వాడు స్టాప్‌వాచ్ నొక్కేలోపే ఎదురుగా కూర్చున్న పెద్దావిడ గుప్పెడు కాయలు అయిపోయాయి. ఆవిడ బొటనవేలికి రబ్బరు ట్యూబు ముక్క తొడుక్కుంది, మంట పుట్టకుండా. "మిషను వస్తే మాకు కూలి పోద్దా అమ్మా?" అని అడిగింది. మా వాళ్లలో ఎవరి దగ్గరా జవాబు లేదు, నా దగ్గరా లేదు. ఆ ప్రాజెక్టు చివరికి గాలితో నడిచే వేళ్లు, ఒక కెమెరాతో తేలింది. తొడిమ ఏ వైపుందో కెమెరా బాగానే గుర్తుపట్టింది, తెంపడం దగ్గరే తడబడింది.

స్మార్ట్ మెటీరియల్స్ గురించి అడిగినవాళ్లకు ఈ విషయం నిష్కర్షగా చెబుతాను. నిటినాల్ తీగకు బలం ఉంది, తేలిక ఉంది, చప్పుడు లేదు. వేగం మాత్రం లేదు, ఇచ్చిన కరెంటులో పనిగా మారేది అతి కొద్ది శాతం. ఎనిమిది శాతం వరకు సాగదీసినా వెనక్కి వస్తుంది గానీ, లక్షల సార్లు పనిచేయాలంటే మూడు, నాలుగు శాతం దగ్గర ఆపాలి. మోటారుకు బదులు తీగ పెడతాం అనే ప్రపోజల్ చూస్తే నాకు భయమేస్తుంది. మోటారు దూరని చోట తీగ పెడతాం అంటే కూర్చుని వింటాను.

ప్రమోషన్ సంగతి కూడా చెప్పాలి. 2019 ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ కావాలంటే మొత్తం పదేళ్ల అనుభవం, అందులో కనీసం మూడేళ్లు అసోసియేట్‌గా ఉండాలి. అసోసియేట్‌గా ఉండగా గుర్తింపున్న జర్నళ్లలో ఆరు పేపర్లు, మన దగ్గర ఇద్దరు పీహెచ్‌డీ పూర్తిచేసి ఉండాలి. లేదా పది పేపర్లు ఉండాలి. ఈ అంకెలు పేపర్ల బజారును పెంచాయి. "పదిహేను రోజుల్లో స్కోపస్ పబ్లికేషన్, డబ్బు అంగీకారం తర్వాతే" అని వాట్సాప్‌లో రోజూ మెసేజీలు. స్కోపస్ అంటే గుర్తింపున్న జర్నళ్ల జాబితా. పేరు అమ్ముతారు, నాలుగో రచయిత స్థానానికి ఒక రేటు, మొదటి స్థానానికి ఒక రేటు. నా ఇద్దరు స్కాలర్లూ పక్క కాలేజీల్లో పాఠాలు చెప్పుకునేవాళ్లే, నేనొకప్పుడు ఉన్న పరిస్థితే. ఒకరి పేపరు మూడు జర్నళ్లు తిరిగి నాలుగోచోట, రెండేళ్లకు అచ్చయింది. ఈలోపు ఆయన సహోద్యోగికి ప్రమోషన్ వచ్చేసింది. ఆయన నా గదికొచ్చి ఏమీ అనకుండా టీ తాగి వెళ్లాడు. ఈ వ్యవస్థ మీద నాకున్న కోపంలో ఎక్కువ భాగం ఆ రోజుదే.

నాకు ప్రొఫెసర్ హోదా వచ్చేసరికి మెకానికల్‌లో చేరేవాళ్లు తగ్గిపోయారు. అందరికీ సీఎస్ఈ కావాలి, అందులోనూ ఏఐ అని తోక ఉండాలి. మూడు సెక్షన్లున్న మా బ్రాంచి ఒకటికి వచ్చింది. కొందరు సహోద్యోగులు పైథాన్ నేర్చుకుని సీఎస్ఈ పిల్లలకు ల్యాబ్‌లు చెబుతున్నారు. రోబోటిక్స్ ఎలక్టివ్‌గా పెట్టడం వల్ల నా క్లాసు నిండుతోంది, వచ్చేవాళ్లలో సగం మంది కంప్యూటర్స్ వాళ్లే. వాళ్లకు కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చిటికెలో పని, స్పానర్ ఇస్తే ఏ వైపు తిప్పాలో తెలియదు. మెకానికల్ వాళ్లది దీనికి సరిగ్గా తిరగబడ్డ కథ. ఇద్దర్నీ ఒకే టీమ్‌లో వేస్తాను. మొదటి నెల పోట్లాడుకుంటారు.

ప్రస్తుతం చేస్తున్నది చేతి తొడుగు. పక్షవాతం వచ్చినవాళ్లకు వేళ్లు ముడుచుకుపోతాయి. ఫిజియోథెరపిస్టు రోజూ వాటిని ఒక్కొక్కటి చాపి, వదిలి వ్యాయామం చేయిస్తారు. గుంటూరులో ఒక ఫిజియోథెరపిస్టు గారే ఈ ఆలోచన ఇచ్చారు. ఇక్కడ వేగం అక్కర్లేదు, పదిసార్లు మెల్లగా చాపితే చాలు. చప్పుడు ఉండకూడదు, బరువు ఉండకూడదు. మోటారు దూరని చోటు ఇదే. మే నెలలో కూడా చల్లారాలి కాబట్టి 70 డిగ్రీల తీగ మానేసి 90 డిగ్రీల రకం వాడుతున్నాం. ఆ వేడి చర్మానికి తగలకుండా తీగను టెఫ్లాన్ గొట్టంలో నడిపిస్తున్నాం, గొట్టం వేస్తే చల్లారడం ఇంకా ఆలస్యమవుతుంది. ఒక వేలికి రెండు తీగలు పెట్టి వంతులవారీగా నడపడం ఇప్పుడు చూస్తున్నాం. తీగ వేడెక్కేకొద్దీ దాని విద్యుత్ నిరోధం మారుతుంది కదా, ఆ మార్పును చదివి వేలు ఎంత కదిలిందో చెప్పే ప్రోగ్రాం ఒక సీఎస్ఈ అమ్మాయి రాసింది. వేరే సెన్సర్ అక్కర్లేదు.

పేటెంటు దరఖాస్తు పెట్టాం. విద్యాసంస్థలకు 2021 నుంచి ఫీజులో 80 శాతం తగ్గింపు ఉంది కాబట్టి మేనేజ్‌మెంట్ కిమ్మనలేదు.

మా చేతుల మీద, చెక్క వేళ్ల మీద పరీక్షలు అయ్యాయి. రోగుల మీద పెట్టాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి, ఇంజినీరింగ్ కాలేజీలో ఆ కమిటీ ఉండదు. ఒక మెడికల్ కాలేజీతో ఒప్పందం కోసం ఫైలు నడుస్తోంది. వాళ్లు అడిగిన మొదటి కాగితం, తొడుగు లోపల చర్మం దగ్గర ఉష్ణోగ్రత ఎంతవుతుందో గంటసేపు కొలిచిన రికార్డు. థర్మోకపుల్స్ మా దగ్గర ఎలాగూ ఉన్నాయి. రీడింగులు మే నెలలో, రేకుల గదిలోనే తీద్దామని స్కాలర్‌తో చెప్పాను.